నీళ్లు లేని నేల మీద రెండు రాత్రులు

(అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్‌లో కొన్ని తెలుగు కుటుంబాలు నవంబరు క్యాంపింగ్‌కు ముందు కలుసుకున్నప్పుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. వెనక వినబడుతోందా? సరే. పిల్లల్ని పక్క గదిలోకి పంపించారు. నిజానికి నేను చెప్పబోయేదాంట్లో సగం వాళ్లకే కావాలి. మనకంటే ముందు ముళ్లలో చెయ్యి పెట్టేది వాళ్లే కదా.

"ఎడారిలో క్యాంపింగ్ గురించి ఒక అరగంట చెప్పన్నా" అన్నారు, వచ్చాను. నేను నిపుణుణ్ని కాదు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగమే నాదీ. పదకొండేళ్లుగా చలికాలంలో వీలైనప్పుడల్లా డేరా పట్టుకుని బయటపడుతున్నా. చేసిన తప్పులు చాలా ఉన్నాయి, అవే చెబుతా. మాది కడప జిల్లా. నీళ్లు లేని నేల మీదే పుట్టి పెరిగినవాణ్ని. ఇక్కడికొచ్చిన కొత్తలో "ఎడారంటే ఏముందిలే, మన పక్కలాగే కదా" అనుకున్నా. ఆ ధీమాతోనే మొదటి దెబ్బ తిన్నా. దాని దగ్గరికి వస్తా.

ముందు నేల సంగతి. ఇక్కణ్నుంచి ఐ-10 హైవే మీద పడమరగా గంట పోతే టోనోపా అనే ఊరు దాటాక అటూ ఇటూ కంచె ఉండదు, ఇల్లుండదు. కొండలు, పొదలు, మధ్యలో చెయ్యెత్తి నిలబడ్డ సగారోలు, అంటే స్తంభాల్లాంటి పెద్ద జెముళ్లు. మొదటి ఏడాది మా ఆఫీసులో ఒకాయన్ని అడిగా, "ఇదంతా ఎవరిది?" అని. "నీది" అన్నాడు. వేళాకోళమాడుతున్నాడనుకున్నా. మన దగ్గర సెంటు నేల కూడా ఎవరో ఒకరి పట్టాలో ఉంటుంది, లేదంటే పోరంబోకు. మరి ఇది?

ఒక రకంగా ఇదీ పోరంబోకే. 1862లో హోమ్‌స్టెడ్ చట్టమని తెచ్చారు. 160 ఎకరాలు తీసుకో, ఐదేళ్లు అక్కడే ఉండి సాగు చెయ్, నీ పేరున రాసిస్తాం అన్నారు. ఏటి పక్క నేలలు, నల్లనేలలు, వాన పడే నేలలు జనం ముందే పట్టుకున్నారు. ఎడారి వైపు ఎవరూ చూడలేదు. 1877లో ఇంకో చట్టం తెచ్చారు. నీళ్లు పారిస్తానంటే ఎడారిలో 640 ఎకరాలిస్తాం, ఎకరం డాలరుంపావు, అని. నీళ్లెక్కడివి పారించడానికి? కాలవ పారగలిగిన కొన్నిచోట్ల తీసుకున్నారు, మిగతాదంతా అట్లాగే పడి ఉంది. చివరికి 1976లో ఇంకో చట్టం చేసి, మిగిలిన నేలను ఇక పంచేది లేదు, ప్రభుత్వమే అందరి తరఫునా అట్టే పెట్టుకుంటుంది అని తేల్చేశారు. చూసేది బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అందరూ బీఎల్ఎం అంటారు. వాళ్ల చేతిలో దేశం మొత్తం మీద దాదాపు 24 కోట్ల 50 లక్షల ఎకరాలున్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపి మూడున్నర రెట్లు! ఒక్క అరిజోనాలోనే కోటీ 20 లక్షలు.

దీన్నిబట్టి నాకు అర్థమైంది ఒకటే. నీళ్లు లేవు గనకే ఈ నేల మిగిలింది. మిగిలింది గనకే మనకు ఊరికే దొరుకుతోంది. అక్కడ పాటించాల్సిన నియమాలన్నీ తిప్పి తిప్పి చూస్తే ఆ నీటి దగ్గరికే వస్తాయి. ఇంకొకటి కూడా చెప్పాలి. "ఎవరూ తీసుకోలేదు" అన్నది వలస వచ్చినవాళ్ల మాట. ఓధమ్ అనే ఆదివాసీలు అంతకు ఎన్నో తరాల ముందునుంచీ ఇక్కడే బతికారు. వాళ్లకు ఏ బండ గుంటలో ఎప్పుడు నీళ్లు నిలుస్తాయో తెలుసు. ఇప్పటికీ జూన్ ఎండల్లో సగారో పండ్లు కోస్తారు. సగారోను వాళ్లు చెట్టనుకోరు, మనిషనే అనుకుంటారు.

ఇక "నీది" అన్నాడు కదా అని ఎక్కడపడితే అక్కడ డేరా వెయ్యకూడదు. ఇక్కడా ఒక అడంగల్ లాంటిదుంది, అదే మ్యాపు. రంగులు గుర్తుపెట్టుకోండి. పసుపు బీఎల్ఎం. ఆకుపచ్చ అడవిశాఖ. తెలుపు ప్రైవేటు. నారింజ రంగు ఆదివాసీ రిజర్వేషన్లు. అది వాళ్ల దేశం, వాళ్ల అనుమతి లేకుండా దిగకూడదు. లేత నీలం ఉంది చూశారూ, అక్కడే మనవాళ్లు మోసపోయేది. అది స్టేట్ ట్రస్టు నేల. చూడ్డానికి పక్కన పసుపు నేలా అదీ ఒక్కలాగే ఉంటాయి, అవే పొదలు, అవే రాళ్లు. రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బడుల ఖర్చు కోసమని ఇచ్చిన భూమి అది. పర్మిట్ కొనుక్కుని దిగాలి. దక్షిణాన గోల్డ్‌వాటర్ రేంజ్ అని వైమానిక దళం వాళ్లు బాంబులేసి సాధన చేసే నేల ఉంది. దానికీ పర్మిట్ కావాలి. పేలకుండా పడి ఉన్నవి కాళ్లకు తగలొచ్చు గనక అక్కడ దిగే ముందు ఏం ముట్టుకోకూడదో వీడియోలో చూపిస్తారు. మ్యాపు ఇంట్లోనే ఫోన్లోకి దించుకోండి. ఫ్రీవే దిగి నాలుగు మైళ్లు పోతే సిగ్నల్ ఉండదు.

పసుపు నేలలో అయితే మామూలుగా ఒకచోట 14 రోజులు ఉండొచ్చు. తర్వాత కనీసం 25 మైళ్లు అవతలికి జరగాలి. బాత్రూములు, కుళాయి, కరెంటు, చెత్తడబ్బా, ఏదీ ఉండదు. డబ్బూ కట్టక్కర్లేదు.

ఇప్పుడు అసలు లెక్క. మనిషికి రోజుకు గాలను నీళ్లు. దగ్గర దగ్గర నాలుగు లీటర్లు. ఇది తాగడానికీ, వండుకోవడానికీ మాత్రమే. నలుగురుండే కుటుంబం శుక్రవారం సాయంత్రం పోయి ఆదివారం తిరిగొస్తుందనుకోండి. మూడు రోజుల కింద లెక్కేస్తే 12 గాలన్లు. కారు మొరాయిస్తే ఇంకో రోజుకని 4. మొత్తం 16 గాలన్లు, బరువు 60 కిలోలు పైనే. బియ్యం బస్తా కంటే ఎక్కువ! "ప్యాక్ రెండు కొన్నాం అన్నా, సరిపోవా?" అంటారు. ఇరవై నాలుగు అర లీటరు సీసాలుండే ప్యాకులు రెండు కలిపినా ఆరేడు గాలన్లు దాటవు. ఐదు గాలన్ల క్యాన్లు తీసుకోండి. అన్నీ ఒకే క్యాన్లో పొయ్యకండి, అది పగిలితే అంతే సంగతులు.

మన వంట నీళ్లు తాగే వంట. బియ్యం కడగాలి, పప్పు కడగాలి, ఎసరు పెట్టాలి, తర్వాత ఆ గిన్నెలు తోమాలి. మొదటిసారి మా ఆవిడ సాంబారు చేసింది. రుచికి వంక పెట్టలేను, కానీ ఆ గిన్నె కడగడానికి రెండు గాలన్లు పోయాయి. ఇప్పుడు మేం చేసేది ఏమిటంటే, మొదటి రాత్రికి ఇంటినుంచి పులిహోర, పెరుగన్నం. తెల్లారి ఉప్మా. రెండో రాత్రి చపాతీలు, ముందే వేయించి పెట్టుకున్న కూర. తిన్న పళ్లెం ముందు కాగితంతో తుడిచేసి, ఆ కాగితం చెత్త సంచిలో వేసి, తర్వాత చేరెడు నీళ్లతో కడగడం. ఎంగిలి మెతుకులు "చీమలు తింటాయిలే" అని పారబోయకండి. వాటికోసం ఎలుకలొస్తాయి, ఎలుకల కోసం పాములొస్తాయి. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ అది వరస.

నీళ్లు లేని చోట నీళ్లతోనే ప్రమాదం. ఇక్కడ వాష్ అంటారు, మనం వంక అంటాం. ఏడాదిలో ఎక్కువ కాలం పొడి ఇసక. సమతలంగా, మెత్తగా, రాళ్లు లేకుండా, పక్కన చెట్టు నీడతో, డేరా కోసమే చేసిపెట్టినట్టు ఉంటుంది. నేను కడపవాణ్ని కదా, వంక చూస్తే ప్రాణం లేచొచ్చింది. మా చిన్న కారు నేరుగా దాంట్లోకి దించా. ఇరవై అడుగులు పోయాక ముందు చక్రాలు దిగబడ్డాయి. ఇంకా గట్టిగా తొక్కా. ఇంకా దిగబడ్డాయి. కారు పొట్ట ఇసక మీద ఆనింది. పిల్లలిద్దరూ వెనక సీట్లో నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం నాకు ఇంకా గుర్తుంది.

దూరంగా ఒక పాత వ్యాను ఆగి ఉంది. అందులోంచి ఒక ముసలాయన చిన్నగా నడుచుకుంటూ వచ్చాడు. డెబ్బై దాటి ఉంటాయి. నన్నేమీ అనలేదు. వంగి, టైరు దగ్గర కూర్చుని, జేబులోంచి తాళంచెవి తీసి, వాల్వు నొక్కాడు. సుయ్యిమని గాలి పోతోంది. "అయ్యో, గాలి తీసేస్తున్నాడు, ఇక ఇంటికెట్లా" అని నా గుండె ఆగినంత పనయింది. నాలుగు టైర్లలో గాలి 35 పీఎస్ఐ నుంచి 18కి దించాడు. టైరు కింద భాగం రొట్టెలా చదునైంది. చక్రాల ముందు ఇసక చేత్తో తోడి, కారులో పరిచిన రబ్బరు మ్యాట్లు లాగి కింద వేసి, "మెల్లగా, వెనక్కి" అన్నాడు. వచ్చేసింది. తర్వాత ఆయన దగ్గరున్న చిన్న పంపుతో మళ్లీ గాలి కొట్టుకున్నాం. అయిపోయాక ఆయన ఆకాశం వైపు కాకుండా దూరంగా కొండల వైపు చూపించి అన్నాడు: "అక్కడ వాన పడితే ఇక్కడికొస్తుంది. నీకు ఇక్కడ ఎండే ఉంటుంది."

ఆ మాట ఎంత నిజమో చెప్పడానికి ఒకటే సంగతి. 1997 ఆగస్టు 12న ఇదే రాష్ట్రం ఉత్తరాన లోయర్ యాంటిలోప్ కాన్యన్‌లో వరదొచ్చి 11 మంది యాత్రికులు పోయారు. వాన కురిసింది మైళ్ల అవతల. గట్టిపడ్డ నేల నీటిని తాగదు, వచ్చిందంతా గోడలా ఒక్కసారే వస్తుంది. అందుకని వంకలో పడుకోవద్దు, బండి ఆపొద్దు. గట్టు మీద వేసుకోండి డేరా. జూన్ మధ్యనుంచి సెప్టెంబరు దాకా ఇక్కడ మాన్సూన్. ఆ ఎండల్లో అసలు పోనే వద్దు. 2023లో జూన్ 30 నుంచి 31 రోజులు వరసగా 110 డిగ్రీల ఫారెన్‌హీట్, ఆ పైనే ఉంది, మనందరం ఇక్కడే ఉన్నాం, నేను వేరే చెప్పాలా! నవంబరునుంచి మార్చిదాకా మనది. అప్పుడు కూడా రాత్రి ఫారెన్‌హీట్‌లో నలభైలకు, ఒక్కోసారి ముప్పైల్లోకి దిగుతుంది. మధ్యాహ్నం చొక్కా తడిసిందని మోసపోకండి, దుప్పట్లు మందంవే పెట్టుకోండి.

నీళ్లు లేకపోవడంతో ఇంకో చిక్కు ఏమిటంటే, ఇక్కడ మచ్చ మానదు. మన పక్క ఎద్దులబండి చాలు ఒక్క వానకు చెరిగిపోతుంది. ఇక్కడ 1942లో రెండో ప్రపంచయుద్ధం కోసం జనరల్ ప్యాటన్ ట్యాంకులు తోలించి సైన్యానికి శిక్షణ ఇచ్చాడు, కాలిఫోర్నియా, అరిజోనా సరిహద్దు ఎడారిలో. ఆ చాళ్లు కొన్నిచోట్ల ఇప్పటికీ కనబడతాయి. ఎనభై ఏళ్లు దాటింది! నేల మీద చిన్న చిన్న రాళ్లు పేర్చినట్టు, గచ్చులాగా ఉంటుంది. దాన్ని ఒకసారి చక్రం లేపితే మళ్లీ కుదురుకోవడానికి మనిషి ఆయుష్షు చాలదు. అందుకే ముందే ఉన్న బండిబాట మీదే పోండి, ముందే ఎవరో దిగిన జాగాలోనే దిగండి. కొత్త జాగా కనిపెట్టాలనే ఉబలాటం వద్దు.

సగారో మొదటి ఏడెనిమిదేళ్లలో ఎంత ఎదుగుతుందో తెలుసా? అంగుళం, అంగుళంన్నర. నా బొటనవేలి గోరుకన్నా కాస్త పెద్దది. అది పాలోవెర్డే చెట్టు కిందో, మెస్కీట్ కిందో నీడలో దాక్కుని పెరుగుతుంది. మీరు నీడ బాగుందని కారు ఆ చెట్టు మొదట్లోకి తోశారనుకోండి, మీ టైరు కింద ఏం నలిగిందో మీకు తెలియను కూడా తెలియదు. చేతులు మొలవడానికే యాభైనుంచి డెబ్బై ఏళ్లు పడుతుంది. రెండు చేతులున్న సగారో పక్కన నిలబడి ఫోటో దిగేటప్పుడు అది మీ నాయనమ్మ ఈడుదని గుర్తుపెట్టుకోండి.

మలం సంగతి. మొహమాటపడొద్దు, ఇది చెప్పకపోతే ఈ ప్రసంగమే దండగ. తడి లేని మట్టిలో ఏదీ తొందరగా కుళ్లదు. దారికీ, నీటి గుంటకీ, డేరాకూ 200 అడుగులు, అంటే డెబ్బై ఎనభై అంగలు, దూరం పోయి, చేతిపారతో ఆరు అంగుళాలు తవ్వి, కప్పెయ్యాలి. కాగితం మాత్రం పూడ్చొద్దు, గాలికి బయటపడుతుంది. జిప్ సంచిలో వేసి వెనక్కి తెచ్చుకోండి. ఇరవై మంది ఒకేచోట దిగుతున్నాం గనక మనకు గుంతలు కుదరవు. పొడి వేసి మూత కట్టే సంచులు అమ్ముతారు, బకెట్టుకు తొడిగి వాడుకోవచ్చు. చిన్న డేరా ఒకటి దానికే వేద్దాం.

ఇంకొక చట్టం నాకు చాలా నచ్చింది. జంతువులు, పశువులు తాగే నీటి గుంటకు పావు మైలు లోపల అరిజోనాలో క్యాంపు వెయ్యకూడదు. మనిషి వాసన తగిలితే జింక ఆ రాత్రి నీళ్లకు రాదు. మన దగ్గర క్యాన్లున్నాయి. దానికి అదొక్కటే గుంట.

చోయా గురించి. (చేతిలోని దువ్వెన చూపిస్తూ) ఇదెందుకు తెచ్చానో ఎవరైనా చెప్పగలరా? టెడ్డీ బేర్ చోయా అని ఒక జెముడు జాతి. సాయంత్రం ఎండలో బంగారు బొచ్చు మెరుస్తున్నట్టు ఉంటుంది, పిల్లలకు ముద్దొస్తుంది. మా చిన్నది అప్పటికి నాలుగేళ్లది, నిమురుదామని చెయ్యి చాపింది. నిమ్మకాయంత ముద్ద ఊడి అరచేతికి అంటుకుంది. కెవ్వుమంది. నేను కంగారులో దాన్ని నా వేళ్లతో లాగబోయా, సగం ముళ్లు నా చేతికి. ఆ ముల్లుకు వెనక్కి తిరిగిన సన్న పళ్లుంటాయి, గాలంలాగా. లోపలికి సులువుగా పోతుంది, బయటికి రాదు. అప్పుడు చేయాల్సింది ఇదీ: దువ్వెన పళ్లను చర్మానికీ ముద్దకూ మధ్యలోకి జొనిపి, ఒక్క విదిలింపు. ముద్ద ఎగిరి పడుతుంది. ఆ వైపు ఎవరూ నిలబడి లేరని ముందు చూసుకోండి! మిగిలిన ముళ్లు పట్టకారుతో ఒక్కొక్కటీ. మా ఆవిడ హెడ్‌లైటు పెట్టుకుని గంటసేపు తీసింది. ఆ రాత్రినుంచి మా ఇంట్లో ఎక్కడికి పోయినా దువ్వెన నా జేబులోనే.

మిగతావి త్వరగా చెప్పేస్తా. తేళ్లు: యూవీ (అతినీలలోహిత) టార్చి వేస్తే ఆకుపచ్చగా మెరుస్తాయి, పిల్లలకు అదొక ఆట. బూట్లు దులిపి తొడుక్కోండి. గిలక పాములు చలికాలంలో బొరియల్లో ఉంటాయి, అయినా కనబడని చోట చెయ్యి పెట్టొద్దు. దుమ్ము రేగేచోట ఎన్95 మాస్కు పెట్టుకోండి, ఇక్కడి మట్టిలో వ్యాలీ ఫీవర్ అనే ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే బూజు ఉంటుంది. వచ్చాక వారాల తరబడి దగ్గు, జ్వరం తగ్గకపోతే ఎడారికి పోయామని డాక్టరుకు చెప్పండి. కట్టెలు ఇంటినుంచే తీసుకుపోదాం, మంట పెట్టొచ్చో లేదో ఆ వారం చూసుకుని. బొమ్మలు చెక్కిన పాత రాళ్లు కనబడితే చేత్తో ముట్టుకోవద్దు, పక్కన మన పేర్లు అసలే చెక్కొద్దు. నేరం కూడా. హీలాబెండ్ అవతల పెయింటెడ్ రాక్ అని అలాంటి రాళ్లగుట్ట ఉంది, పిల్లలకు తప్పక చూపించండి.

వీలున్నవాళ్లు ఇంకో గంట పడమరకు, క్వార్ట్‌జ్‌సైట్ దాకా పోండి. చిన్న ఊరు. చలికాలం వస్తే చుట్టూ ఎడారంతా వ్యాన్లు, ఆర్వీలే (ఇల్లులాంటి పెద్ద బళ్లు). చలిదేశాల పెన్షనర్లు నెలల తరబడి ఉంటారు. 1983నుంచీ వాళ్లకోసమే బీఎల్ఎం వేరేగా జాగాలు కేటాయించింది. నా కారు ఇసకలోంచి బయటికి తీయించిన ముసలాయన కూడా అట్లాంటివాడే. ఆ ఊరి శ్మశానంలో చిన్న పిరమిడ్, దాని మీద రాగి ఒంటె. 1856లో అమెరికా సైన్యం ఎడారిలో సరుకు మొయ్యడానికి ఒంటెల్ని ఓడలో తెప్పించింది. వాటితోపాటు వచ్చినవాడు హాజీ అలీ. సైనికులకు ఆ పేరు పలకడం రాక "హై జాలీ" చేసేశారు. సమాధి మీద కూడా అదే పేరు. కాఫీ కప్పు మీద మన పేర్లు ఎట్లా రాస్తారో తెలుసుగా, నాకు ఆయన మీద భలే జాలేసింది. ఒంటెల పథకం మూలబడింది గానీ ఆయన ఇక్కడే ఉండిపోయి 1902లో పోయాడు.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: డేరాలో పడుకోవడం పెద్దవాళ్లకు కష్టం కదా అన్నా, అమ్మావాళ్లు వచ్చి ఉన్నారు.)

మడత మంచాలు దొరుకుతాయి, నేల మీద పడుకోనక్కర్లేదు. రాత్రి లేస్తారు గనక వాళ్ల డేరా ఆ బకెట్టు డేరాకు దగ్గర్లో వేద్దాం. దారికి చిన్న లైట్లు పెడదాం. మిగతా లైట్లన్నీ ఆర్పేద్దాం. అమావాస్య దగ్గర శనివారమే ఎంచుకున్నాం కాబట్టి పాలపుంత, పిల్లలకోడి వాళ్లే మనకు చూపిస్తారు.

(సభలోంచి ఒక పెద్దావిడ: ఇంత ముల్లు, ఇంత కరువు. ఇంట్లో కుళాయి తిప్పితే నీళ్లొస్తుంటే, మోసుకుని అక్కడికెందుకు నాయనా పోవడం?)

(నవ్వులు) పెద్దమ్మా, మా అమ్మ అచ్చం ఇదే అడిగింది. ఆరేళ్ల కింద వచ్చింది, బలవంతాన తీసుకుపోయా. దారంతా సణుగుతూనే ఉంది, "నీళ్ల కోసం ఊరొదిలి వచ్చి, మళ్లీ నీళ్లు లేనిచోటికి పోతావేందిరా" అని. దిగాక నాతో మాట్లాడకుండా ఒక మెస్కీట్ చెట్టు దగ్గరికి పోయింది. కొమ్మ వంచి చూసింది, ఎండిన కాయ ఒకటి కింద ఏరి విరిచి వాసన చూసింది. "ఇది మన కంపచెట్టే గదరా!" అంది. అవును. మనం సర్కారు తుమ్మ అంటామే, అది ఈ ఖండం చెట్టే. ఈ మెస్కీట్‌కు దగ్గరి చుట్టం. 1877లో మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖ వాళ్లు మా కమలాపురంలో నాటించారు, తర్వాత ఊరూరా పాకింది. మన జమ్మి కూడా వీటికి బంధువే. దసరాకు దీన్ని పూజించొచ్చా అంటే పంతులుగారిని అడగండి, నన్నడగొద్దు.

మా అమ్మ చిన్నప్పుడు పొయ్యిలోకి ఆ కంపే కొట్టి తెచ్చేదట. ఆ సాయంత్రం ఆ చెట్టు పక్కనే మడత కుర్చీ వేయించుకుని కూర్చుంది. చీకటి పడేదాకా మా పిల్లలకు ఆ కబుర్లే. నేను క్యాన్లు దించుతుంటే వెనకనుంచి కేకేసింది: "ఒరే, చెప్పులేసుకోరా. దీని ముల్లు చెప్పులోంచి కూడా దిగుద్ది."